జనగణనలో ‘ఇతరులు’

2011 జనగణనలో స్త్రీ, పురుషులు కాక ‘ఇతరులు’గా 4,87,803 మంది నమోదయ్యారు. వారిలో దాదాపు 55 వేల మంది ఆరేళ్లలోపు పిల్లలే! ఆ జవాబు పిల్లలది కాదు, పెద్దలది. జెండర్, లైంగికతలను పరిశీలించే క్వియర్ అధ్యయనాలు ఈ అంకెను కొట్టిపారేయవు. ఎవరు అడిగారు, ఎవరు బదులిచ్చారు, ఎవరు దాచుకోవాల్సి వచ్చింది అని ఆరా తీస్తాయి. ఆ సంగతి కాగితాల్లో తేలదు, మనుషుల మధ్య మెలిగితేనే తెలుస్తుంది. పరిశోధకురాలు గాయత్రీ రెడ్డి హైదరాబాద్ హిజ్రాల మధ్య మెలిగి 2005లో వెలువరించిన పుస్తకం ప్రకారం, వారి గుర్తింపులో లైంగికతతో పాటు ఇజ్జత్ (గౌరవం), మతం, బంధుత్వం పెనవేసుకున్నాయి. జనగణన పత్రంలోని ఒక్క గడిలో ఇవన్నీ పట్టవు. కొద్దిమందిని చూసి అందరి మాట ఎలా చెబుతారని అడగవచ్చు. చెప్పలేరు, నిజమే. అయితే ఎంతమందో సర్వే తేల్చాలి, ఏమడగాలో ఇలాంటి పరిశోధన తేల్చాలి. అందుకే జనగణన ప్రశ్నలు రాసేముందు ట్రాన్స్ వ్యక్తులను సంప్రదించాలి.