డబ్బులు విడుదలయ్యాయి, మరి మన ఖాతాలో ఎందుకు పడలేదు?

(లబ్ధిదారుల అవగాహన సదస్సులో ప్రసంగ పాఠం)

"టీవీలో డబ్బులు వేశామన్నారు. పక్కింటాయనకి పడ్డాయి, నాకు పడలేదు. మధ్యలో ఎవరు తినేశారు?" ఏ ఊరెళ్లినా ఇదే ప్రశ్న. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కావాలంటే డబ్బు నడిచే దారి తెలియాలి.

అన్నదాత సుఖీభవ - పీఎం కిసాన్ సంగతే చూద్దాం. ఏడాదికి మొత్తం రూ.20,000. అందులో కేంద్రం వాటా రూ.6,000, రాష్ట్రం వాటా రూ.14,000. 2025 ఆగస్టు 2న మొదటి విడతగా ఇచ్చిన రూ.7,000 ఒకే చోటి నుంచి రాలేదు. రూ.2,000 కేంద్రానివి, రూ.5,000 రాష్ట్రానివి. కేంద్రం చెల్లింపులు పీఎఫ్‌ఎంఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో నడుస్తాయి. మన రాష్ట్ర ఖజానా లెక్కలు 2018 నుంచి సీఎఫ్‌ఎంఎస్‌లో నడుస్తున్నాయి. అందుకే ఒకటి పడి, ఇంకొకటి ఆగొచ్చు.

ఈ వ్యవస్థల్లో బడ్జెట్ లేకుండా బిల్లు కదలదు. బిల్లు ఎవరు పెట్టారు, ఎవరు ఆమోదించారు, ఏ రోజున అన్నది నమోదై ఉంటుంది. డబ్బు చేతులు మారకుండా నేరుగా ఖాతాకి వస్తుంది. ప్రజాధనానికి ఇది కాపలా.

అయితే ఒక చిక్కుంది. కంప్యూటర్‌కి మీ ముఖం తెలియదు, నంబరే తెలుసు. అనర్హుడిని ఆపిన తలుపే, ఒక్క అంకె తేడా ఉంటే అర్హుడినీ ఆపుతుంది.

ఒక అక్క డబ్బులు రాలేదని నా దగ్గరకు వచ్చింది. చూస్తే, ఎప్పుడో తెరిచి మర్చిపోయిన వేరే బ్యాంకు ఖాతాలో పడి ఉన్నాయి. ఆధార్ ద్వారా వచ్చే డబ్బు, ఎన్‌పీసీఐ పట్టికలో మీ ఆధార్ ఎదురుగా ఏ బ్యాంకు ఉంటే ఆ బ్యాంకుకే వెళ్తుంది. ఒక ఆధార్‌కి ఒక్క బ్యాంకే. బ్యాంకులో ఆధార్ జిరాక్స్ ఇచ్చినంత మాత్రాన ఈ పట్టికలోకి ఎక్కినట్టు కాదు.

కాబట్టి డబ్బు పడకపోతే మూడు చూసుకోండి:

1. అర్హుల జాబితాలో పేరుందా? రైతు సేవా కేంద్రంలో అడగండి.
2. ఈ-కేవైసీ పూర్తయిందా?
3. ఆధార్‌కి ఏ బ్యాంకు జతై ఉంది? మై ఆధార్ వెబ్‌సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' దగ్గర కనిపిస్తుంది. ఫోన్‌లో చూడటం రాకపోతే మీ బ్యాంకులో అడగండి.

పీఎం కిసాన్ సొమ్ము గురించి 155261కి ఫోన్ చేయొచ్చు. ఓటీపీ మాత్రం ఎవరడిగినా చెప్పొద్దు.

చివరిగా ఒక మాట. డబ్బు ఆగిందంటే తప్పు మీదే అని కాదు. నంబరు ఆఫీసులోనే తప్పు ఎక్కి ఉండొచ్చు. "సర్వర్ డౌన్, రేపు రండి" అంటే ఊరికే తిరిగి వచ్చేయకండి. ఏ దశలో ఆగింది, కారణం ఏమిటి అని అడగండి. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పైసా ఎక్కడుందో కంప్యూటర్‌లో రాసి ఉంటుంది. దాన్ని చూసి చెప్పాల్సిన బాధ్యత మాది.