చేపలు ఓడ ఎందుకు ఎక్కలేదు?

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు పది నిమిషాలు ఇచ్చారు. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినవాడికి పది నిమిషాలు హాజరు పిలవడానికే చాలవు. అందుకని ఒక్క ప్రశ్న గురించే మాట్లాడతాను. అది నా ప్రశ్న కూడా కాదు, క్లాసులో నా పక్కన కూర్చున్నవాడిది.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమలో వేలమంది పోయారు. ఇక్కడున్న పెద్దలకు ఆ రోజులు నేను గుర్తు చేయనక్కర్లేదు. మళ్లీ బడి తెరిచాక, సైన్సు పీరియడులో మావాడు లేచి నిలబడ్డాడు. వాళ్లది క్రైస్తవ కుటుంబం. "సార్, నోవహు జలప్రళయంలో చేపలకేమీ కాలేదంటారు. నీళ్లే వాటి ఇల్లు కదా. మరి ఉప్పెనకి మా మామయ్య వాళ్ల ఊరి చెరువులో చేపలన్నీ చచ్చి తేలాయి. నీళ్లలోనే ఉన్నాయి కదా సార్, ఎందుకు చచ్చాయి?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. మాస్టారు కాసేపు ఆలోచించి, "మీ ఇంట్లో మాగాయ పెడతారా?" అని అడిగారు. పెడతారన్నాడు. "ముక్కలకి ఉప్పు పట్టిస్తే ఏమవుతుంది?" "ఊట దిగుతుంది సార్." "ఆ చేపలకీ అదే అయింది" అన్నారు మాస్టారు.

ఇన్నేళ్లు కాలేజీలో నేను చెప్పిన పాఠం దీనికంటే పెద్దదేమీ కాదు. సముద్రపు నీళ్లు లీటరులో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. చెరువు నీళ్లలో ఒక గ్రాము కూడా ఉండదు. చేప ఒంట్లోని రక్తం మాత్రం, చెరువు చేపదైనా సముద్రపు చేపదైనా, ఇంచుమించు పది పన్నెండు గ్రాముల దగ్గర ఉంటుంది. శీలావతి, బొచ్చె లాంటి చెరువు చేపల ఒంట్లోకి నీళ్లు వద్దన్నా వస్తూనే ఉంటాయి. అవి నీళ్లు తాగవు, వచ్చినదాన్ని మూత్రంగా తోడి పోసుకుంటూ, మొప్పలతో ఉప్పును పట్టి దాచుకుంటాయి. సముద్రపు చేపది తలకిందుల సంసారం. ఒంట్లో నీళ్లు బయటికి పోతుంటాయి కాబట్టి అది సముద్రాన్నే తాగి, ఉప్పును మొప్పల్లోంచి బయటికి తోసేస్తుంది. ఒకదాని ఇంట్లో రెండోది కాపురం చేయలేదు. చెరువు చేపను సముద్రంలో వేస్తే చుట్టూ నీళ్లుండగానే ఒళ్లు ఎండిపోయి చస్తుంది.

ఇప్పుడు నోవహు దగ్గరికి వద్దాం. ఆదికాండంలో నలభై పగళ్లు, నలభై రాత్రులు వర్షం కురిసిందని, అగాధ జలాల ఊటలు కూడా తెగాయని, నూట యాభై దినాలు నీళ్లు నిలిచాయని ఉంది. చనిపోయినవి పొడినేల మీద ఊపిరి తీసేవి అని స్పష్టంగా చెబుతుంది. చేపల ఊసు లేదు. పాతకాలపు యూదు పండితులకు కూడా ఈ అనుమానం వచ్చింది. శిక్ష నేల మీద ఉన్నవాటికే కాబట్టి చేపలకు వర్తించదని తాల్ముద్‌లో రాసుకున్నారు. నీళ్లలో బతికేవాటికి ఓడలో చోటు అక్కర్లేదని అగస్టీన్ కూడా తేల్చేశాడు. వాళ్లను తప్పుపట్టను. మొప్పల సంగతి ఎవరికి తెలుసు అప్పుడు? నీళ్లంటే నీళ్లే అనుకున్నారు.

ఈ కాలంలో ప్రళయాన్ని అక్షరాలా నమ్మేవాళ్లకు మాత్రం ఇది చిక్కే. వాళ్లూ సమాధానాలు వెతికారు. ఎవరెస్టు మునగాలంటే ఆ నలభై రోజులూ గంటకు తొమ్మిది మీటర్ల వాన పడాలి కదా అంటే, అప్పటి కొండలు అంత ఎత్తు లేవు, తర్వాత లేచాయి అంటారు. 1961లో విట్‌కూంబ్, మోరిస్ రాసిన 'ద జెనెసిస్ ఫ్లడ్' దారి అదే. సరే, వాదన కోసం ఒప్పుకుందాం. ఇంకో సమాధానం కొంచెం పసున్నది. మంచినీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు, కాబట్టి పైన మంచినీళ్ల పొర, కింద ఉప్పునీళ్ల పొర, ఎవరి పొరలో వాళ్లు బతికారని. ఇది కట్టుకథ కాదు. గోదావరి సముద్రంలో కలిసేచోట అలాంటి పొరలు ఉంటాయి. కానీ పొరలు నిలవాలంటే నీళ్లు కుదురుగా ఉండాలి. భూమినంతా కోసుకుపోయిన వరద కుదురుగా ఎలా ఉంటుంది? పైగా నీళ్లు తగ్గడానికి దేవుడు గాలి వీచేట్టు చేశాడని ఆదికాండమే చెబుతోంది. గాలికి పొరలు కలుస్తాయి. బురద మొప్పలకు అడ్డుపడటం దానికి అదనం. ఇక సముద్ర నక్షత్రాల జాతిలో మంచినీటిలో బతికేది ఒక్కటీ లేదు. వాటికి తోడిపోసుకునే ఏర్పాటే లేదు మరి.

చిన్న ఎత్తున ఇలాంటిది నిజంగా జరిగిన చోటు ఒకటుంది, నల్ల సముద్రం. మంచుయుగం చివర్లో అది ఇంచుమించు మంచినీటి సరస్సు. తర్వాత బాస్ఫరస్ దారిన మధ్యధరా సముద్రపు నీళ్లు వచ్చిపడ్డాయి. అది సుమారు 7,500 ఏళ్ల కిందట ఒక్కసారిగా జరిగిందని, నోవహు కథకు మూలం అదే కావచ్చని విలియం ర్యాన్, వాల్టర్ పిట్‌మన్ అన్నారు. కాదు, నెమ్మదిగానే నిండిందని వాదించేవాళ్లూ ఉన్నారు. వేగం సంగతి ఎలా ఉన్నా, అడుగు బురదను గొట్టంతో తోడి చూస్తే కింద సరస్సు గవ్వలు, పైన సముద్రపు గవ్వలు. పాత కాపురస్థులు చాలావరకు ఖాళీ చేశారు. మిగిలినవి ఎక్కడున్నాయంటారా? నది మూతుల్లో. డాన్యూబ్, నీపర్ లాంటి నదులు తీపినీళ్లు తెస్తూనే ఉన్నాయి కాబట్టి, పారిపోవడానికి వాటికి చోటు దొరికింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన ఏడాది మావాడు ఫోన్ చేశాడు. ఇప్పుడు వాడు పాస్టరు. "ఒరేయ్, మా సండే స్కూల్లో ఒక పాప నా ప్రశ్నే నన్ను అడిగిందిరా. దేవుడు కాపాడాడని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. ఆ మాట నేను నమ్ముతాను కూడా. కానీ ఆ రోజు మాస్టారు నాకు అలా చెప్పి కూర్చోబెట్టలేదు కదా" అన్నాడు. నేను పైన చెప్పిందంతా చెప్పాను. అద్భుతం అంటే నా దగ్గర జవాబు లేదు, అది నా సబ్జెక్టు కాదు. మామూలుగా జరిగింది అంటే మాత్రం, చాలావరకు బతకవు అన్నాను.

వాడు వదల్లేదు. "పండుగప్ప బతుకుతుందిగా? తిలాపియా?" "ఉప్పు వరకైతే తట్టుకుంటాయి." "పులస? సముద్రంలో ఇలసగా ఉండి గోదారెక్కి పులస అవుతుంది. దానికి రెండు నీళ్లూ అలవాటే కదా!"

"అలవాటే. కానీ అది గోదారెక్కేది గుడ్లు పెట్టడానికిరా. గోదారే లేనప్పుడు ఎక్కడ పెడుతుంది?"

అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, "మాస్టారి నంబరు నీ దగ్గరుందా?" అని అడిగాడు. ఇచ్చాను. ఇవాళ ఇద్దరూ ఈ హాల్లోనే ఉన్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఏం తేల్చుకున్నారో వాళ్లనే అడగండి, నాకింకా చెప్పలేదు.