ఎవరూ ముట్టుకోనందుకే ఆరిపోయిన తెర

(ఉగాది నాటి వాలంటీర్ల సమావేశంలో మన ఆలయ సాంకేతిక సేవా బృందం చేసిన ప్రసంగ పాఠం)

వంటింట్లోంచి పులిహోర తాలింపు వాసన ఇక్కడిదాకా వస్తోంది, కాబట్టి పది నిమిషాల్లో ముగిస్తాం.

ఈ రోజు మేం రెండు పనుల మీద వచ్చాం. ఒకటి, హాల్లోని ల్యాప్‌టాప్ తెర మధ్యలో ఎందుకు ఆరిపోయేదో, ఇప్పుడు ఎందుకు ఆరిపోవడం లేదో చెప్పడం. రెండోది, మీ అందరి ముందు ఒకరికి క్షమాపణ చెప్పుకోవడం.

భీష్మ ఏకాదశి నాడు ఈ హాల్లోనే విష్ణు సహస్రనామ పారాయణ చేసుకున్నాం. తెర మీద ఎడమ పక్క తెలుగు లిపి, కుడి పక్క మన పిల్లల కోసం ఇంగ్లీషు లిపి. ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్నది తొమ్మిదో తరగతి చదివే మన వాలంటీరు అబ్బాయి. తనూ అందరితో కలిసి చదవాలనే కోరికతో, పేజీలు వాటంతట అవే నెమ్మదిగా పైకి జరిగేలా పెట్టుకున్నాడు. వేగం కూడా సరిగ్గా కుదుర్చుకున్నాడు. చేతులు జోడించుకుని కూర్చున్నాడు.

ఐదు నిమిషాలకు తెర నల్లబడింది. ప్రొజెక్టర్ 'సిగ్నల్ లేదు' అంటూ నీలం రంగు చూపించింది. మీట నొక్కితే ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ అడిగింది. ఆ పాస్‌వర్డ్ తెలిసిన మా సభ్యుడు అప్పుడు వంటింట్లో పాయసం కలుపుతున్నాడు. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి చాలా శ్లోకాలు దాటిపోయాయి. నోటికి వచ్చిన పెద్దవాళ్లు ఆగలేదు. తెర చూసి చదువుతున్నవాళ్ల గొంతులు మాత్రం వెనక వరుసల నుంచి ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు ఆ కాసేపూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుంటూ కూర్చున్నారు.

పారాయణ అయ్యాక మాలో ఒకరు ఆ అబ్బాయిని నలుగురి ముందూ గట్టిగా అడిగారు, "ఏం నొక్కావు?" అని. "నేనేమీ ముట్టుకోలేదు అంకుల్" అన్నాడు. మేం నమ్మలేదు. తర్వాత మూడు శనివారాలు అతను రాలేదు. పరీక్షలు ఉన్నాయని వాళ్ల అమ్మగారు చెప్పారు. మేం అదీ నమ్మేశాం.

ఈలోగా మేం చేసిన ఘనకార్యం కొత్త హెచ్‌డీఎంఐ కేబుల్ కొనడం. ప్రొజెక్టర్ సిగ్నల్ లేదంటే తప్పు కేబుల్‌దే అనుకున్నాం. కొత్త కేబుల్‌తో పెట్టిన మొదటి భజనలోనే తెర మళ్లీ ఆరిపోయింది. అప్పుడు మాలో ఒకరు ల్యాప్‌టాప్ ఇంటికి పట్టుకెళ్లి, అదే పుస్తకం తెరిచి, గడియారం పక్కన పెట్టుకుని కూర్చున్నారు. సరిగ్గా ఐదు నిమిషాలు. మళ్లీ చూస్తే మళ్లీ ఐదే.

ఇది ఒక సభ్య కుటుంబం ఇచ్చిన పాత ల్యాప్‌టాప్ అని మీకు తెలుసు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి ఈ యంత్రం సరిపోదు. పారేయడం ఎందుకని ఉబుంటు లినక్స్ ఎక్కించాం. ఉబుంటులో మీటలు గానీ మౌస్ గానీ ఐదు నిమిషాలు కదలకపోతే తెర ఆర్పేయమని ముందే రాసి ఉంటుంది. తెర ఆరగానే తాళం కూడా పడుతుంది. తెర ఆరితే కేబుల్ లోంచి బొమ్మ వెళ్లదు, అందుకే ప్రొజెక్టర్ సిగ్నల్ లేదంటుంది. కేబుల్ పాపం ఏమీ చేయలేదు.

మరి ముందు రోజు రాత్రి మేం పరీక్షించినప్పుడు ఎందుకు ఆరలేదు? ఎందుకంటే ఆ రాత్రి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సహస్రనామం వీడియో పెట్టి చూశాం. వీడియో ఆడుతున్నంతసేపూ బ్రౌజరు "నేను పనిలో ఉన్నాను, తెర ఆర్పవద్దు" అని లినక్స్‌కి కబురు పెడుతుంది. వీడియో ప్లేయర్లూ అంతే. మామూలు కిటికీలో తెరిచిన పీడీఎఫ్ పుస్తకం అలాంటి కబురు పెట్టదు. పేజీలు కదులుతున్నా సరే, చెయ్యి తగలకపోతే ఎవరూ లేరనే అనుకుంటుంది. అంటే ఆ అబ్బాయి చెప్పిన మాటే అసలు కారణం. ముట్టుకోనందుకే తెర ఆరింది. మేం అతన్ని అడిగాం గానీ అతని మాట వినలేదు.

ఇక వైద్యం. మీ ఇంట్లో ఉబుంటు ఉంటే మీకూ పనికొస్తుంది. సెట్టింగ్స్‌లో 'పవర్' తెరవండి. అక్కడ 'స్క్రీన్ బ్లాంక్' అని ఉంటుంది. ఐదు నిమిషాలు తీసేసి 'నెవర్' పెట్టండి. అక్కడే 'ఆటోమేటిక్ సస్పెండ్' కూడా ఆపండి. లేకపోతే తెర ఆరకపోయినా కొంతసేపటికి ల్యాప్‌టాపే నిద్రపోతుంది. తర్వాత 'ప్రైవసీ'లో 'స్క్రీన్ లాక్' కిందకు వెళ్లి, 'ఆటోమేటిక్ స్క్రీన్ లాక్' ఆపండి. చార్జరు పెట్టే ఉంచండి. బ్యాటరీ అడుగంటితే ఏ సెట్టింగూ కాపాడదు.

ఎప్పటికీ మార్చేయడం ఇష్టం లేకపోతే తాత్కాలిక ఉపాయాలూ ఉన్నాయి. ఉబుంటులో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌కి 'కెఫీన్' అనే చిన్న ఎక్స్‌టెన్షన్ ఉంది. పైన కాఫీ కప్పు బొమ్మ వస్తుంది. నొక్కితే మేలుకుంటుంది, మళ్లీ నొక్కితే మామూలైపోతుంది. మనకు శివరాత్రి జాగరణలో కాఫీ ఎలాగో దానికి ఇది అలాగ. ఎక్స్‌ఎఫ్‌సీఈ వాడేవాళ్లకు పవర్ మేనేజర్‌లో 'ప్రెజెంటేషన్ మోడ్' ఉంటుంది.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. మేం రెండో తప్పు కూడా చేశాం. అన్నీ 'నెవర్' పెట్టేసి, గండం గడిచిందనుకున్నాం. తర్వాతి ఆదివారం ఒక పెద్దావిడ మమ్మల్ని చెప్పులు విడిచే చోటు దగ్గరున్న బల్ల వద్దకు పిలిచి, "ఏం బాబూ, ఇది ఇలా అందరికీ కనబడాలా?" అని అడిగారు. చూస్తే అదే ల్యాప్‌టాప్. అర్చనల రసీదులు రాయడానికి ఎవరో అక్కడ పెట్టి భోజనానికి వెళ్లారు. తెర మీద సభ్యుల గోత్రాలు, ఫోన్ నంబర్లు, ఎవరు ఎంత విరాళం ఇచ్చారో ఆ పట్టిక, అన్నీ తెరిచే ఉన్నాయి. తాళం పడటం మీద విసుక్కున్న మాకు ఆ తాళం ఎందుకుందో అప్పుడు అర్థమైంది. పారాయణకు అడ్డమొచ్చిందీ అదే, మీ వివరాలకు కాపలా ఉన్నదీ అదే.

అందుకని ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్‌లో రెండు ఖాతాలు పెట్టాం. ఈ సెట్టింగులు ఉబుంటులో ఏ ఖాతాకి ఆ ఖాతాకే వర్తిస్తాయి. 'పారాయణ' ఖాతాలో స్తోత్రాలు, భజన పాటలు తప్ప ఇంకేమీ లేవు. దాని తెర ఆరదు, తాళం పడదు. దాని పాస్‌వర్డ్ హాల్లో సేవ చేసే వాలంటీర్లందరికీ తెలుసు. 'ఆఫీసు' ఖాతాలో లెక్కలు, సభ్యుల వివరాలు ఉన్నాయి. అది ఐదు నిమిషాలకు ఆరిపోతుంది, తాళం పడుతుంది, అలాగే ఉండనివ్వండి. ఒక ఖాతాలోంచి రెండోదాని ఫైళ్లు తెరుచుకోవడం లేదని పరీక్షించి చూశాం. మీరు చేయాల్సింది ఒక్కటే. హాల్లో తెర పెట్టేటప్పుడు 'పారాయణ'లోకి వెళ్లండి, రసీదులు రాసేటప్పుడు 'ఆఫీసు'లోకి వెళ్లండి. రసీదుల బల్ల దగ్గరి నుంచి లేచేటప్పుడు ఐదు నిమిషాలు ఆగక, మీరే తాళం వేసి లేవండి. విండోస్ మీటతో పాటు ఎల్ నొక్కితే చాలు.

ఇంకొక్క మాట. ఇకపై పరీక్ష అంటే ఆ రోజు వాడబోయే పుస్తకమే తెరిచి, చెయ్యి తీసేసి, పావుగంట చూడటం. వేరే వీడియో పెట్టి చూస్తే అది పరీక్ష కిందకు రాదు.

చివరగా, మొదట చెప్పిన క్షమాపణ. పోయిన వారం మేం ముగ్గురం ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి, తప్పు మాదేనని చెప్పాం. నలుగురి ముందు అన్న మాటను నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలని వాళ్ల నాన్నగారు సౌమ్యంగానే అన్నారు. అది న్యాయం. కాబట్టి మీ అందరి సమక్షంలో చెబుతున్నాం: బాబూ, ఆ రోజు నువ్వు ఏ తప్పూ చేయలేదు. నువ్వు చెప్పింది నిజం. మమ్మల్ని మన్నించు.

అతను మూడో వరుసలో కూర్చున్నాడు. రాబోయే శ్రీరామనవమికి తెర బాధ్యత మళ్లీ తనే తీసుకుంటానన్నాడు. ఒక షరతు పెట్టాడు, పేజీలు వాటంతట అవే కదలాలి, తను కూర్చుని చదువుకోవాలి అని. మేం ఒప్పుకున్నాం.

సెలవు. భోజనాలకు పదండి.