సెలవు మన హక్కు, సముద్రం మన పిల్లలదీ
(కార్మిక కుటుంబాల సమావేశంలో యూనియన్ కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మనం బోనస్ గురించి మాట్లాడుకోవడానికి సమావేశం కాలేదు. నాలుగు రోజులు సెలవు పెట్టి, పెళ్లాం పిల్లలతో కలిసి సముద్రం ఒడ్డుకు ఎలా వెళ్లి రావాలన్నదే ఇవాళ్టి ఎజెండా. "ఇదీ ఒక యూనియన్ పనేనా?" అని కొందరు నవ్వారు. ఇది యూనియన్ పనే అని మేము అంటున్నాము. జీతంతో కూడిన సెలవు ఏ దేశంలోనూ యజమాని దయతో రాలేదు. ఫ్రాన్సులో 1936లో లక్షలాది కార్మికులు ఫ్యాక్టరీలలో బైఠాయించి సమ్మె చేస్తే, రెండు వారాల జీతపు సెలవు చట్టమయింది. అక్కడి కార్మికులు ఎందరో జీవితంలో మొదటిసారి సముద్రం చూసింది ఆ వేసవిలోనే.

మన సంగతి చూడండి. రాయగడ ప్రాంతంలో తరాలుగా ఉంటున్నాం. బరంపురం దాటితే చిలికా, ఆపైన పూరీ. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి ఆ దరిదాపుల్లో ఉంటాం. అయినా మన కాలనీలో ఎన్ని కుటుంబాలు వెళ్లి చూశాయి? సెలవు అంటే మనకు పెళ్లికో, చావుకో, జ్వరానికో. విశ్రాంతి కోసం సెలవు పెట్టడమంటే ఏదో తప్పు చేసినట్టు తల దించుకుంటున్నాం.

చట్టం ఏమంటోంది?

ఫ్యాక్టరీల చట్టం కింద ఏడాదిలో 240 రోజులు పని చేసినవారికి ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు జీతపు సెలవు వచ్చేది. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో ఆ 240 కాస్తా 180 అయింది. లెక్క మాత్రం అదే, 20 రోజులకు ఒకటి. ఆ కోడ్‌ల మీద కార్మిక సంఘాలకు ఉన్న అభ్యంతరాలు ఉండనే ఉన్నాయి, వాటి మీద పోరాటం వేరే సాగుతుంది. కానీ ఉన్న హక్కును వాడుకోకుండా వదిలేయడం పోరాటం కాదు.

మూడు విషయాలు గుర్తు పెట్టుకోండి. ఒకటి: సెలవు మధ్యలో గానీ, అటూ ఇటూ గానీ పడిన వారపు సెలవు, పండుగ సెలవు ఈ లెక్కలోకి రావు. కనుక సంక్రాంతి పక్కన పెట్టుకుంటే తక్కువ సెలవుతో ఎక్కువ రోజులు దొరుకుతాయి. రెండు: రాసి అడిగిన సెలవును యాజమాన్యం కాదంటే అది పోదు, పరిమితి లేకుండా ముందుకు జమ అవుతుంది. అడగకుండా ఉంచుకున్నది 30 రోజుల వరకే ముందుకు వస్తుంది. అందుకే నోటిమాటగా సూపర్‌వైజర్‌ను అడిగి ఊరుకోవద్దు. కాగితం మీద రాసి టైం ఆఫీసులో ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. మూడు: మిగిలిన సెలవును ఏడాది చివర డబ్బుగా అడిగే వీలుంది. అవసరం ఉన్నవాళ్లు అడగవచ్చు. కానీ సెలవంతా అమ్ముకుంటే నడుం నొప్పి మాత్రం మనకే మిగులుతుంది. ఒంటికి కావలసిన నిద్రను ఏ నోటుతోనూ తిరిగి కొనుక్కోలేము.

కాంట్రాక్టు కార్మికులు లేకుండా వెళ్లేది లేదు

అసలు మాట ఇది. ఈ హక్కు పర్మినెంటు కార్మికుడికే అని చట్టంలో ఎక్కడా లేదు. పని చేసిన ప్రతి కార్మికుడికీ వర్తిస్తుంది. కానీ కాంట్రాక్టర్లు ఏం చేస్తున్నారు? రోజులు నిండకముందే మస్టరులో పేరు తీసేసి, మరో పేరు మీద మళ్లీ ఎక్కిస్తున్నారు. ఆ కార్మికుడికి సెలవు లెక్క ఎప్పటికీ మొదలే కాదు. మన పిల్లలు ఇసుకలో ఆడుకొని వచ్చి గవ్వలు చూపిస్తుంటే, అదే వీధిలో ఉన్న కాంట్రాక్టు కార్మికుడి బిడ్డ గుమ్మం దగ్గర నిలబడి చూడాలా?

అందుకే కార్యవర్గం తీర్మానించింది. పేర్ల పుస్తకంలో పర్మినెంటు, కాంట్రాక్టు అని రెండు జాబితాలు ఉండవు. కాంట్రాక్టు కార్మికుల పనిరోజులను మనమే నెలనెలా రాసి పెడతాము. 180 రోజులు నిండిన వారందరి సెలవు దరఖాస్తులు ఒకే రోజున, ఒకే కట్టగా ఇస్తాము.

ఎక్కడికి, ఎప్పుడు?

చిలికా సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య పొడవుగా ఒక ఇసుక కట్ట ఉంది. కెరటాలు ఒడ్డు వెంబడి ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతూ దాన్ని పోస్తాయి. ఒక పక్క హోరు సముద్రం, మరో పక్క నిలకడ నీరు. ఆ కట్టే లేకపోతే చిలికా లేదు. సరస్సు ఎండాకాలంలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు ఉంటుంది, వానలకు 1100 దాటుతుంది. ఇసుక మేటవేసి పాత మొగ పూడుకుపోతుంటే ఉప్పు తగ్గి, గుర్రపుడెక్క పెరిగి, చేప పడిపోయింది. 2000 సెప్టెంబరు 23న సిపకుడ దగ్గర కట్టను తెగగొట్టి కొత్త మొగ తెరిచారు. చేప మళ్లీ పెరిగింది. 2019లో ఫణి తుపాను తన దారిన తాను మరికొన్ని మొగలు తెరిచింది. అంటే అది కదిలే నేల. పిల్లలకు ఇంతకంటే మంచి భూగోళ పాఠం ఉండదు.

కాలం విషయంలో పట్టుదల వద్దు. పైలిన్ తుపాను వచ్చింది 2013 అక్టోబరు 12న. ఫణి వచ్చింది 2019 మే 3న. అక్టోబరు, నవంబరు, మే నెలలు మనకు పనికిరావు. రథయాత్ర రోజుల్లో పూరీలో కాలు పెట్టే చోటు దొరకదు. డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి వరకు మంచిది. అప్పుడు నలబన దీవికి వలస పక్షులు కూడా వస్తాయి.

హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో ఖుర్దారోడ్డులో దిగి పూరీ బండి పట్టుకోవాలి. మొదటి రోజు పూరీ సముద్రం. రెండో రోజు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న సాతపడకు బస్సు, అక్కడి నుంచి పడవలో ఇసుక కట్ట మీదికి. మూడో రోజు ఓపిక ఉన్నవారికి కోణార్క, లేనివారికి నిద్ర. నిద్ర కూడా కార్యక్రమమే!

ఖర్చుకు వడ్డీ అప్పు చేయవద్దు. కుటుంబానికి నెలకు 300 చొప్పున వేస్తే ఏడాదికి 3,600. పది కుటుంబాలవి 36,000. లెక్కల పుస్తకం ఇద్దరు ఆడవాళ్ల చేతిలో ఉంటుంది, ప్రతి నెలా అందరి ముందూ చదవాలి.

పాటించవలసినవి

ఆడవాళ్లకూ అది సెలవే. స్టవ్వు, గిన్నెలు మోసుకుపోయి అక్కడా వాళ్లచేతే వండించేటట్టయితే ప్రయాణం మానుకుందాం. అటుకులు, మరమరాలు, అరటిపళ్లు తీసుకెళదాం, భోజనం హోటల్లో చేద్దాం. పూరీ ఆనందబజారులో మహాప్రసాదం కులభేదం లేకుండా పక్కపక్కన కూర్చుని తింటారు. అయితే గుడి లోపలికి హిందువులనే పంపుతారు. మనలో ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు ఉన్నాయి. కనుక దర్శనం ఎవరిష్టం వారిది. యూనియన్ కార్యక్రమం సముద్రమే, అది అందరిదీ.

పూరీ సముద్రం మెత్తనిది కాదు. కాలి కింద ఇసుక లాగేస్తుంది. ఒడ్డున కోసు టోపీలు పెట్టుకుని నిలబడే నోళియాలు మన తెలుగు పల్లెవాళ్లే. పెంటకట పేటలో ఇళ్లలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. వాళ్లు దిగమన్నచోటే దిగండి, కూలి ఎగ్గొట్టకండి. ఒడ్డున ప్రాణాలు కాపాడేవాడూ కార్మికుడే. సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర మాత్రం ఎవరూ నీళ్లలో దిగరాదు. పైకి నిమ్మళంగా కనిపించినా అక్కడ ఒరవడి మనిషిని లాక్కుపోతుంది. తాగి నీళ్లలో దిగినవారిని మరుసటి ఏడాది పుస్తకంలో రాయము.

పడవలో లైఫ్ జాకెట్ ప్రతి ఒక్కరికీ ఇవ్వాలి. జాకెట్లు చాలకపోతే మరో పడవ కట్టుకుందాం. చిలికాలో ఇరావతి డాల్ఫిన్లు ఉన్నాయి. వాటిని తరమమని పడవవాణ్ణి పురమాయించవద్దు, మోటారు రెక్కలు తగిలి గాయపడతాయి. ఇసుక కట్ట మీద నీడ తక్కువ, మంచినీళ్లు మనమే మోసుకెళ్లాలి. ఖాళీ సీసాలు మన సంచిలోనే వెనక్కి రావాలి. ముత్యం తీస్తామంటూ చిప్పలు పగలగొట్టి చూపేవారి దగ్గర డబ్బు పోగొట్టుకోకండి.

చిలికా అంటే వినోదం ఒక్కటే కాదని పిల్లలకు చెప్పండి. రొయ్యల చెరువులు సరస్సును మింగేస్తుంటే అక్కడి బెస్తలు ఏళ్ల తరబడి పోరాడారు. 1999 మే 29 రాత్రి సొరణలో పోలీసు కాల్పులలో నలుగురు చనిపోయారు. మనం పడవ మీద తిరిగే ఆ నీళ్లు అలా నిలిచాయి.

సోదరీ సోదరులారా! మిల్లు మన ఎనిమిది గంటలు తీసుకుంటుంది, ఓవర్ టైం మరికొన్ని తీసుకుంటుంది. ఏడాదిలో ఈ నాలుగు రోజులైనా మనవిగా ఉండాలి. బయట బల్ల మీద పుస్తకం ఉంది. ఇంటికి వెళ్లేలోగా పేర్లు రాయించండి. మీ పక్కింట్లో కాంట్రాక్టు కార్మికుడు ఉంటే అతన్ని వెంటబెట్టుకొచ్చి అతని పేరు ముందు రాయించండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!