మన కుళాయి నీటి లెక్క మనకు కావాలి

(బస్తీ సంక్షేమ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడినప్పుడల్లా మనం ఉద్యోగాలను, ఉపకార వేతనాలను, రిజర్వేషన్లను ప్రస్తావిస్తాము. అవన్నీ అవసరమైనవే. ఈరోజు నేను మాత్రం వంటింటి కుళాయిని గురించి మాట్లాడదలచాను. నీటిలో బురద ఉంటే కంటికి కనిపిస్తుంది. మురుగు కలిస్తే ముక్కుకు తెలుస్తుంది. సీసం కలిస్తే రంగూ మారదు, రుచీ మారదు. అది పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకైతే హాని లేదని చెప్పదగిన పరిమాణమే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అనే నగరం ఉంది. 2014 నాటికి జనాభా సుమారు లక్ష. అందులో సగానికి పైగా నల్లజాతివారు. పేదరికం ఎక్కువ. నగరం ఆర్థికంగా చితికిపోయిందని రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకాధికారిని నియమించడంతో, ఎన్నికైన ప్రతినిధుల మాటకు విలువ లేకుండా పోయింది. ఖర్చు తగ్గించుకోవడానికి 2014 ఏప్రిల్‌లో డెట్రాయిట్ నీటిని ఆపి, ఫ్లింట్ నది నీటిని సరఫరా చేశారు. ఆ నీటికి గొట్టాలను తినివేసే గుణం ఉంది. దానిని అరికట్టే రసాయనాన్ని కలపలేదు. పాత గొట్టాలలోని సీసం కరిగి ఇళ్లకు చేరింది.

ప్రజలు రంగు మారిన నీటిని సీసాలలో పట్టి సమావేశాలకు తీసుకువెళ్లారు. నీటికి ఏ లోపమూ లేదని అధికారులు చెబుతూ వచ్చారు. ఆ అక్టోబరులోనే అక్కడి జనరల్ మోటార్స్ కర్మాగారం, ఇంజన్ భాగాలు తుప్పు పడుతున్నాయని ఆ నీటిని మానివేసింది. యంత్రాలకు పనికిరాని నీటిని పసిపిల్లలు మరో ఏడాది తాగారు.

లీయాన్ వాల్టర్స్ అనే తల్లి పట్టుబట్టి 2015 ఆరంభంలో తన ఇంటి నీటిని పరీక్ష చేయించారు. లీటరుకు 104 మైక్రోగ్రాముల సీసం తేలింది. అప్పటి అక్కడి నిబంధనల ప్రకారం 15 దాటితేనే చర్య తీసుకోవలసి ఉండేది. తరువాత వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి, ప్రజలే వందల ఇళ్ల నుంచి నమూనాలు సేకరించారు. డాక్టర్ మోనా హన్నా అటీషా ఆసుపత్రి రికార్డులు తిరగేసి, పిల్లల రక్తంలో సీసం పెరిగిందని నిరూపించారు. 2015 అక్టోబరులో పాత నీరు తిరిగి వచ్చింది. ఈ ఘోరానికి మూలం వ్యవస్థలో పాతుకుపోయిన జాతి వివక్షేనని మిషిగన్ పౌర హక్కుల కమిషన్ 2017లో తేల్చింది.

సోదరులారా, ఫ్లింట్ ప్రజలు తొలి నుంచీ మొర పెట్టుకుంటూనే ఉన్నారు. అంకె చేతికి వచ్చాకనే ఆ మొరకు బలం వచ్చింది.

ఇక మన సంగతి. మన దేశంలో పీవీసీ పైపుల తయారీలో సీసం వాడకం చాలాకాలం సాగింది. దానికి పరిమితి విధిస్తూ 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అంతకు ముందే గోడలలో వేసిన పైపులు అలాగే ఉన్నాయి. కొన్ని ఇత్తడి కుళాయిలలోనూ సీసం ఉంటుంది. కాబట్టి ట్యాంకు దగ్గర చేసిన పరీక్ష ఒక్కటే చాలదు. రాత్రంతా పైపులో నిలిచి, తెల్లవారి కుళాయి తిప్పగానే వచ్చే మొదటి నీటిని పరీక్షించాలి. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో సీసం 10 మైక్రోగ్రాములు మించరాదు.

తల్లులకు ఒక మనవి. నీటిని కాచితే క్రిములు చస్తాయి గాని సీసం పోదు. నీరు ఇగిరేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. పైపులో రాత్రంతా నిలిచిన నీటిని తాగడానికి, వంటకు వాడకండి. అది గిన్నెలకో, బట్టలకో పనికి వస్తుంది.

నేను జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్లు మోసినవాణ్ణి. “మా నీళ్లు బాగాలేవు” అన్న అర్జీ ఫైలులో నిద్రపోతుంది. తేదీ, ఇంటి నంబరు, పరీక్ష ఫలితం ఉన్న అర్జీకి ఎవరో ఒకరు సంతకం చేసి జవాబు చెప్పక తప్పదు. కలుషితం కాని నీరు, గాలి పొందడం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు సుభాష్ కుమార్ కేసులో 1991లోనే చెప్పింది. మన వీధి నీటిని చివరిసారి ఎప్పుడు, ఎక్కడ పరీక్షించారు, అందులో సీసం ఎంత అని సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. 30 రోజులలో జవాబు ఇవ్వాలి.

దరఖాస్తు నమూనా రాసి తెచ్చాను. చదవడం, రాయడం రానివారికి నేనే కూర్చుని నింపి ఇస్తాను. సభ ముగిశాక ఎవరూ సంతకం చేయకుండా వెళ్లవద్దని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.