జుమలా: పదిమంది కూడి చేసిన పని



మన గ్రామములలో పూర్వము కరణము లెక్క వ్రాయునపుడు పద్దులన్నియు కూడి, అడుగున వచ్చిన మొత్తమును ‘జుమలా’ అని చూపుచుండుట పెద్దలెఱిగిన విషయమే. అరబ్బీనుండి వచ్చిన ఈ మాట హిందుస్తానీ ద్వారా మన లెక్కలలో చేరినది. ఆ మాటయే సముద్రము దాటి తూర్పు ఆఫ్రికాకు పోయి స్వాహిలీ భాషలో ‘జుమ్లా’ అయినది. అచ్చటను దాని అర్థము ‘అంతయు కలిసి’ అనియే. 2005వ సంవత్సరమున పలుదేశముల పనివారు తాము కూడి పోషించుచున్న ఒక సాధనమునకు ఆ మాటనే పేరు పెట్టుకొనిరి. దానినే జూమ్లా అందురు. దాని పుట్టుకను, ఇటీవలి వార్తలను, వానితో మనకు గల పనిని మనవిచేయుట నా ఉద్దేశము.

ముందుగా అది యేమి చేయునో చెప్పెదను. ఒక గ్రంథాలయమో, పాఠశాలయో, సహకార సంఘమో ఇంటర్నెట్టులో తన వెబ్‌సైటును నడపవలెనన్న ప్రకటనలు వ్రాయవలెను, చిత్రములు చేర్చవలెను, పాతవానిని తీసివేయవలెను. ప్రతిపర్యాయమును కంప్యూటరు విద్య తెలిసినవానిని పిలుచుట సాధ్యము కాదు. అచ్చుకూటములో అక్షరములు కూర్చువాడు వేఱు, వ్యాసము వ్రాయువాడు వేఱు గదా! జూమ్లా ఆ కూర్పుపనిని తాను చేయును. విషయము వ్రాసి యిచ్చిన చాలును. ఎవరు వ్రాయవచ్చునో, ఎవరు దిద్దవచ్చునో, ఎవరు ప్రకటింపవచ్చునో నిర్ణయించు ఏర్పాటును అందు కలదు. 2008 జనవరిలో వచ్చిన 1.5 రూపమునుండి అది యూనికోడ్ సంకేతములను స్వీకరించుటచే తెలుగక్షరములకును అందు చక్కని చోటు దొరికినది.

ఇక దాని పుట్టుక. ఆస్ట్రేలియాలో మీరో అను సంస్థ ‘మాంబో’ అను సాఫ్ట్‌వేరును నిర్మించి, 2001లో దానిని జి.పి.ఎల్. అను అనుమతిపత్రముతో లోకమునకు విడిచెను. ఆ పత్రపు సారాంశమిది: ఎవరైనను దీనిని వాడవచ్చును, లోపలి వ్రాతను చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును. అయితే మార్చి పంచువాడు తాను పొందిన హక్కులనే పుచ్చుకొనువారికిని ఈయవలెను. ఇది ఆ సంస్థ చూపిన ఔదార్యమే. దానివలననే అనేకులు వచ్చి చేరి మాంబోను వృద్ధిచేసిరి.

2005లో మాంబో పాలనకై ఒక ఫౌండేషన్ ఏర్పడెను. దాని కట్టుబాట్లలో తమ మాటకు తగిన విలువ లేదని పనిచేయువారు తలచిరి. పేరుమీది హక్కు వారిది కాదు. కావున ఆగష్టు 17వ తేదీన ముఖ్య నిర్మాతలు పేరును విడిచి, పనిని మాత్రము తీసికొని వెడలిరి. మునుపు సంస్థ యిచ్చిన అనుమతిపత్రమే వారికి ఆధారమైనది. సెప్టెంబరులోనే జూమ్లా మొదటి రూపము వెలువడెను. ఓపెన్ సోర్స్ మేటర్స్ అను లాభాపేక్ష లేని సంస్థ దానికి అండగా నిలిచెను. కొన్నియేండ్లకు మాంబో పని నిలిచిపోయెను. జూమ్లా నేటికిని నడచుచున్నది.

ఇందు మనము గ్రహింపవలసినదొకటి కలదు. చెఱువుగట్టుమీది రాతిపై ఎవరి పేరు చెక్కియున్నను, ఏటేట పూడిక తీసి, గండి పూడ్చువారుండిననే చెఱువు నిలుచును. హక్కుపత్రము ఎంత మంచిదైనను, చేతులు తోడుకానిచో అది వట్టి కాగితమే.

ఇటీవలి వార్తలు వినుడు. 2021 ఆగష్టు 17న, అనగా వేఱుపడిన పదునాఱేండ్లకు సరిగా అదే తేదీన, 4.0 రూపము వచ్చెను. దానికి ‘ఫురాహా’ అని పేరిడిరి. స్వాహిలీలో ఆనందమని అర్థము. చూపు తక్కువైనవారును సులభముగ వాడుకొనునట్లు అందు శ్రద్ధ వహించిరి. 2023 అక్టోబరులో 5.0 వచ్చెను. 2025 అక్టోబరు 14న 5.4, 6.0 రూపములు కలిసి వెలువడినవి. యజమాని సమ్మతించినచో దిద్దుబాట్లు తమంతట తామే వచ్చి చేరు ఏర్పాటు వీనియందు చేయబడినది.

అన్నిటికంటె మనకు ముఖ్యమైన వార్త మఱియొకటి. 2012లో వచ్చిన మూడవ తరపు రూపమునకు 2023 ఆగష్టు 17తో పోషణ ముగిసినది. దానిపై కట్టిన వెబ్‌సైట్లు ఆనాడే ఆగిపోలేదు. కాని అటుపిమ్మట బయటపడిన లోపములను నిర్మాతలు ఉచితముగ దిద్దుట మానిరి. దొంగలకు తెలిసిన కన్నమును పూడ్చువారు లేని యిల్లు వంటిదది. పైకి చక్కగ కనబడుచుండుటయే అందలి అపాయము.

ఊరిలోని సంఘమునకు ఎన్నడో ఒక యువకుడు ఉత్సాహముతో వెబ్‌సైటు కట్టి యిచ్చి, ఉద్యోగమునకై పట్టణము పోయియుండవచ్చును. అట్టిచోట పెద్దలు మూడు ప్రశ్నలడుగవలెను. మన వెబ్‌సైటు ఏ రూపముపై నున్నది? దాని తాళము, అనగా సంకేతపదము, ఒక్కని చేతనే యున్నదా, సంఘము పుస్తకములోను భద్రముగ నున్నదా? అందలి విషయమునకు వేఱొకచోట నకలు కలదా? ఈ ప్రశ్నలడుగుటకు కంప్యూటరు విద్య అక్కఱలేదు. లెక్క అడుగు అలవాటు చాలును.

ఊరివారి పేర్లు, చందాల పట్టికలు, పిల్లల ఛాయాచిత్రములు అందుండును. అవి పోయినచో తిరిగి కూర్చుట కష్టము. పరుల చేత చిక్కినచో మఱింత కష్టము. ఉచితముగ లభించిన సాధనమునకు ధర లేదు గాని, కాపుదల తప్పదు. ‘అంతయు కలిసి’ అను ఆ పేరు నిర్మించినవారికే గాక వాడుకొను మనకును వర్తించును.