దత్తబిడ్డలు – కన్నవారి జాడ – 18 ఏండ్ల నియమము

(సంగం గ్రామమున పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగపాఠము)



ఉయ్యాలనాడే తల్లి ఒడి వీడి, పరుల యింట పెరిగిన బిడ్డ ఒకనాడు “నన్ను కన్నవారెవరు?” అని అడుగును. ఆ ప్రశ్నకు చట్టము ఏమి చెప్పుచున్నదో, అందు పంచాయతీల బాధ్యత యేమో నేడు మీకు మనవి చేయుచున్నాము.

మన దేశమున దత్తతకు ముఖ్యముగా రెండు చట్టములు కలవు. మొదటిది 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము. ఆచారము అనుమతించిననే తప్ప, 15 ఏండ్లు నిండినవారిని, వివాహితులను ఈ చట్టము క్రింద దత్తత చేసికొనరాదు. ఇందు సాధారణముగా కన్నవారే బిడ్డను దత్తత యిత్తురు. ఇచ్చినవారును, పుచ్చుకొన్నవారును సంతకములు చేసిన దత్తపత్రము రిజిస్టరైనచో, ముందు ముందు జాడ వెదకు అవసరము అంతగా కలుగదు.

రెండవది 2015 నాటి బాలల న్యాయ చట్టము. అనాథలు, విడిచిపెట్టబడినవారు, కన్నవారిచే అప్పగింపబడినవారు దీని క్రింద దత్తతకు పోవుదురు. వయస్సు నియమము వీరికే ముఖ్యము. 2022 దత్తత నిబంధనల ప్రకారము 18 ఏండ్లు నిండినవారు తమ మూలములను తెలిసికొనుటకై కేంద్ర దత్తత వనరుల సంస్థకు స్వయముగా దరఖాస్తు చేసికొనవచ్చును. 18 ఏండ్లు నిండనివారు పెంచిన తల్లిదండ్రులతో కలిసి దరఖాస్తు చేయవలెను. విదేశములలో పెరిగిన బిడ్డలకును ఇదియే నియమము. వారి తరఫున మూడవ వ్యక్తి వెదకుటకు అనుమతి లేదు.

ఈ వయస్సు అన్ని దేశములందును ఒకటి కాదు. ఇంగ్లండులో 1975 చట్టము 18 ఏండ్లు నిండిన దత్తబిడ్డకు తన తొలి జన్మపత్రమును పొందు హక్కు నిచ్చెను. స్కాట్లండులో 1930 నాటి చట్టమే 17 ఏండ్లకు ఆ హక్కు నిచ్చెను. తరువాత అది 16కు తగ్గెను.

అయితే, 18 నిండినంతమాత్రమున కన్నతల్లి పేరు చేతికి రాదు. బిడ్డను అప్పగించునాడు ఆమె తన పేరు గోప్యముగా నుంచుడని కోరియున్నచో, ఆమె సమ్మతి పొందవలెను. ఆమె నిరాకరించినను, దొరకకపోయినను, బిడ్డను ఏ పరిస్థితులలో అప్పగించిరో ఆ విషయము మాత్రము బిడ్డకు తెలుపుదురు. ఆమె నేడు మరియొక యింట కాపురము చేయుచుండవచ్చును. బిడ్డ హక్కు వలె ఆమె గోప్యతయు రక్షింపదగినదే.

సరియైన కాగితములు లేనిచో ఈ హక్కులన్నియు వ్యర్థములు. 1999, 2001 సంవత్సరములలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున లంబాడీ తండాల ఆడశిశువులను కొని దత్తతకు పంపుచున్న వ్యవహారములు బయటపడినవి. కాగితమున అబద్ధము వ్రాసినచో, ఆ బిడ్డకు 18 కాదు, 40 ఏండ్లు వచ్చినను కన్నవారి జాడ దొరకదు.

కావున పంచాయతీ సభ్యులు ఈ క్రింది విషయములను గమనింపవలెను.

ఒకటి: ప్రతి జననమును 21 దినములలోగా నమోదు చేయింపుడు. పెంచువారినే కన్నవారుగా ఎన్నడును వ్రాయింపరాదు.

రెండు: దిక్కులేని శిశువు కనబడినచో వెంటనే 1098కి ఫోను చేయుడు. 24 గంటలలోగా తెలియజేయుట చట్టరీత్యా విధి, తెలుపకుండుట నేరము. శిశువు దొరికిన చోటు, వేళ, ఒంటిమీది గుడ్డ, కట్టిన తాయెత్తు – అన్నిటిని అధికారులకు చెప్పి వ్రాయింపుడు. రేపు ఆ బిడ్డకు మిగులు ఆనవాళ్లు అవియే.

మూడు: పెంచలేని తల్లిని నిందింపక, బాలల సంక్షేమ సమితి యొద్దకు తోడ్కొనిపొండు. అప్పగించిన పిమ్మట మనసు మార్చుకొనుటకు ఆమెకు 60 దినముల గడువు కలదు. మధ్యవర్తుల ద్వారా బిడ్డను చేతులు మార్చుట నేరము. బిడ్డను విక్రయించినను, కొన్నను 5 ఏండ్ల వరకు కఠినశిక్ష, లక్ష రూపాయల జుర్మానా కలవు.

నాలుగు: జాడ వెదకుచు ఎవరైనను మీ గ్రామమునకు వచ్చినచో, రచ్చబండ యొద్ద పదిమందిని పిలిచి విచారింపవలదు. వారిని ఆదరించి, నెల్లూరులోని జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు దారి చూపుడు. ఒక్క మాట బయటపడినను ఒక కాపురము కూలవచ్చును.

నేడు మీరు వ్రాయించు నాలుగు నిజమైన వాక్యములు 18 ఏండ్ల తరువాత ఒక బిడ్డ ప్రశ్నకు జవాబు కాగలవు. ఆ బాధ్యతను మీరు శ్రద్ధతో నిర్వహింతురని నమ్ముచు సెలవు తీసికొనుచున్నాము.